మడత వెనక రెండు వరసలు

నేను ఒక డిసెంబరు నెలను. గోడ క్యాలెండరులో ఆఖరి కాగితాన్ని. పుట్టింది శివకాశిలో, పేరు పడింది తెనాలి బట్టల కొట్టుది. నా ముందువైపు పెద్ద పెద్ద ఎర్ర అంకెలు, తిథులు, పై మూలన వారాలవారీ రాహుకాలం పట్టిక. వెనకవైపు ఏమీ లేదు. ఉత్త తెలుపు. నా కథంతా ఆ తెలుపు వల్లే వచ్చింది.

నన్ను జర్మనీ తెచ్చింది వాసంతి. బట్టల కొట్టు వాళ్ళ మేనమామది. మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చదవడానికి వస్తూ, పెట్టెలో బట్టలకంటే ముందు క్యాలెండరు సర్దుకున్న పిల్ల. ఇక్కడికొచ్చాక నెలకొక అక్క చొప్పున పదకొండు మందినీ చించి చెత్తలో వేశారు. నేను ఆఖరిదాన్ని కనక మిగిలాను. నా నెల కూడా గడిచిపోయాక వాసంతి నన్ను చించింది గానీ పారెయ్యలేదు. తిరగేసి, అరచేత్తో సాపు చేసి, "దీని వెనక బోలెడు చోటుంది" అంది. పనైపోయిన కాగితానికి ఆ మాట ఎంత గొప్పగా ఉంటుందో మీకు తెలీదు.

ఆ చలికాలంలో వాసంతి రెండు రోజులు కూర్చుని నా మీద పట్టిక గీసింది. ఈ దేశంలో ఆరోగ్య బీమా లేకపోతే కాలేజీలో పేరే ఎక్కించరు. ఏ బీమా తీసుకోవాలో తెలీక కొత్తగా వచ్చిన పిల్లలు తలలు పట్టుకుంటారు. వాసంతి కూడా తను వచ్చినప్పుడు నానా అగచాట్లూ పడిందట. అందుకని ఎడమవైపు పబ్లిక్ బీమా, మధ్యలో ప్రైవేటు బీమా, కుడివైపు ప్రయాణపు బీమా అని మూడు గళ్ళు గీసి, వరసలు రాసుకుంటూ పోయింది. నెలకి ఎంత, డాక్టరు దగ్గరికి వెళ్తే ఎంత, పన్ను పీకితే ఎంత, కళ్ళజోడుకి ఎంత. పబ్లిక్‌కి నెలకి నూట ముప్పై యూరోల పైచిలుకు. ప్రైవేటుకి ముప్పై మూడు.

అన్నిటికంటే కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో రెండు వరసలు రాసింది. ఒకటి: ముందునించీ ఉన్న జబ్బుకి డబ్బులిస్తారా? పబ్లిక్ అయితే ఇస్తారు, ప్రైవేటు అయితే ఇవ్వరు. రెండోది: పబ్లిక్ వద్దని సంతకం పెట్టాక మళ్ళీ రావచ్చా? చదువు అయ్యేదాకా రాలేరు. ఆ "రాలేరు" కింద రెండుసార్లు గీత గీసింది.

నాలుగు అయస్కాంతాలు పెట్టి నన్ను వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఆ ఏడు ఎంతమంది వచ్చి చూశారో లెక్కలేదు. ఉబ్బసం ఉన్న అబ్బాయొకడు ముప్పై మూడు చూసి ఎగిరి గంతేసి, కింది వరస చదివి నెమ్మదిగా కూర్చున్నాడు. "బతికించావక్కా" అన్నాడు వెళ్తూ. వాసంతి నవ్వి టీ పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ టీ, నాలుగు జంతికలు. నేను ఫ్రిజ్ మీద ఉన్నాననే మాటే గానీ, లోపల సింహాసనం మీదున్నట్టే ఉండేది నాకు.

మనుషుల్లో ఒక విచిత్రం ఉంది. వాళ్ళు బీమా కంపెనీ కాగితం నమ్మరు, కాలేజీ వాళ్ళు పంపిన ఈమెయిలు నమ్మరు. ఫ్రిజ్ మీద సీనియర్ అక్క చేతిరాతని మాత్రం కళ్ళకద్దుకుని నమ్ముతారు.

మరుసటి ఏడు వాసంతి థీసిస్ ఆగింది. బేకరీలో చేసే పని పోయింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి తిరిగేది. అప్పుడే ఆ ముప్పై మూడు యూరోల కంపెనీ మనిషెవరో ఫోన్ చేశాడు. పిల్లల్ని చేర్పిస్తే తలకి ఇంత అని ఇస్తాడట. ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు నా ఎదురుగా నిలబడింది. తరవాత నా కింది అంచుని, ఎర్ర వరసలు రెండూ లోపలికి పోయేలా, వెనక్కి మడిచింది. గోటితో మడత నొక్కి, టేపు అంటించింది. ఇప్పుడు ఆ రెండు వరసలూ డిసెంబరు వైపుకి వెళ్ళి, ఫ్రిజ్ తలుపుకి ముఖం పెట్టుకుని ఉన్నాయి.

నాకు నోరు లేదు, ఉంటే ఆ రోజే అడిగేదాన్ని. నా మీద ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అదే నా బాధ. అబద్ధం రాసి ఉంటే కొట్టివేతైనా కనపడేది. నా నిజంలోంచే ముక్క దాచి నాచేతే మోసం చేయించింది, నన్ను గీసిన చెయ్యే.

అక్టోబరులో కుందన వచ్చింది. చీరాల పిల్ల, ఇరవై మూడేళ్ళు, గట్టిగా మాట్లాడితే ఎవరు నొచ్చుకుంటారోనని అన్నీ మెల్లగా అడిగే మనిషి. వాసంతి వాళ్ళ ఇంట్లోనే ఒక గదిలో దిగింది. రాగానే చేసిన మొదటి పని ఫ్రిజ్ తెరిచి, పైఅరలో వెనక్కి ఒక స్టీలు డబ్బా పెట్టడం. అది తియ్యడం, పెట్టడం రోజూ నాకు వినపడేది. అందులో ఇన్సులిన్ సీసాలు, ఆరు నెలలకి సరిపడా.

నాలుగో రోజు, ఎవరూ లేనప్పుడు, వంటింట్లో వాసంతి పక్కన చేరింది.

"అక్కా, నీకొక్కదానికే చెప్తున్నా. ఎవరికీ చెప్పమాక. నాకు పదకొండో ఏటి నించీ షుగరు. రోజూ నాలుగు సూదులు. ఈ ముప్పై మూడుది తీసుకుంటే నాకేమన్నా ఇబ్బందా?"

వాసంతి పాలు పొంగకుండా మంట తగ్గించింది. మళ్ళీ పెంచింది. ఫ్రిజ్ మోటారు ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది.

"ఏం పర్లేదు. ఫారంలో మాత్రం రాయమాక, ఊరికే ప్రశ్నలు వేస్తారు. టీ తాగుతావా?"

కుందన ముఖం విప్పారింది. ఆ విప్పారిన ముఖం నేను మరిచిపోలేను.

మర్నాడు శుక్రవారం. పబ్లిక్ బీమా వద్దని రాసిచ్చే కాగితం బల్ల మీద ఉంది. కుందన పెన్ను తీసి, మళ్ళీ పెట్టేసింది.

"మా అమ్మ టైము చూసి పెట్టమందక్కా. నీ క్యాలెండరు వెనకాల రాహుకాలం ఉందంటగా, గ్లోరీ చెప్పింది." గ్లోరీ అంటే ఆ ఇంట్లో మూడో అమ్మాయి, గుడివాడ పిల్ల. ఆమెకి రాహుకాలంతో పనిలేకపోయినా నా రెండు ముఖాలూ తెలుసు.

వారాల రాహుకాలం ఏ ఏడాదికైనా ఒకటే కదా, అందుకని మడత పడకముందు ఆ ఇంట్లో నన్ను అప్పుడప్పుడు తిరగేసేవాళ్ళు. కుందన చెయ్యి నా అంచు మీదికి వచ్చింది. తిరగేస్తే ఎర్ర వరసలు రెండూ ఎదురుగా కనపడతాయి. నా ప్రాణం లేచివచ్చింది.

"ఉండుండు, నేను చూసి చెప్తా" అని వాసంతి గబగబా వచ్చి అడ్డంగా నిలబడింది. నన్ను ఎత్తి వెనక్కి చూసింది. ఆమె కళ్ళు పై మూలకి వెళ్ళలేదు. సూటిగా కిందికి, తన అక్షరాల మీదికే వెళ్ళాయి. రెండు గీతలు గీసిన ఆ మాట మీద ఆగాయి. నేను ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉన్నాను. చెప్పేస్తుందనుకున్నాను. నిజంగా అనుకున్నాను, ఎందుకంటే ఆ మాట రాసినప్పటి వాసంతి నాకు తెలుసు.

నన్ను మళ్ళీ ఫ్రిజ్‌కి ఆనించి, అయస్కాంతం సరిచేసింది.

"పదిన్నర నించి పన్నెండు దాకా రాహుకాలం. పన్నెండు దాటాక పెట్టు."

కుందన బుద్ధిగా పన్నెండూ అయిదుకి సంతకం పెట్టింది.

క్రిస్మస్ వచ్చింది. గ్లోరీ ముచ్చటపడి ఆరు కిలోల చేపలు తెచ్చి, అవి బాగా చల్లగా ఉండాలని ఫ్రిజ్ లోపలి మీట ఆఖరిదాకా తిప్పింది. ఆ పిల్ల తప్పేం లేదు, డబ్బాలో ఏముందో ఆమెకి తెలీదు. పొద్దున కుందన డబ్బా మూత తీసింది. తరవాత ఎంతసేపటికీ మూత పెట్టిన చప్పుడు రాలేదు. సీసాల్లో మందు గడ్డకట్టింది. ఒకసారి గడ్డకడితే ఇన్సులిన్ ఇక పనిచెయ్యదు. సంచీలో ఉన్న ఒక్క సీసా మిగిలింది.

"బీమా ఉందిగా అక్కా, డాక్టరు దగ్గరికెళ్ళి రాయించుకోనా?" అంది వాసంతితో.

"ఇప్పుడు వెళ్తే ఫారంలో ఎందుకు రాయలేదంటారు. మా ఊరాయన జనవరి ఇరవైన వస్తున్నాడు. ఆయనచేత తెప్పిస్తా. ఈలోపు ఆ సీసాతో కాస్త సర్దుకో."

సర్దుకుంది. నాలుగు సూదులకి రెండే వేసుకుంది, ఆ రెండూ సగం సగం. అన్నం మానేసింది. నీళ్ళు కడవలకొద్దీ తాగేది. పదిహేనో రోజున మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి, నన్ను పట్టుకుని నిలబడబోయి, నా మీదనించి జారి కింద పడింది. రెండు అయస్కాంతాలు కూడా ఆమెతో పడ్డాయి. గ్లోరీ కేకలు పెట్టింది. అంబులెన్సు వచ్చింది.

కుందన ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆరు రోజులూ వాసంతి చారన్నం కలిపి పట్టుకెళ్ళింది. గదంతా కడిగింది, దుప్పట్లు ఉతికింది. ఆ ప్రేమ దొంగ ప్రేమ కాదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

ఇంటికొచ్చిన వారానికి బీమా కంపెనీ నించి ఉత్తరం వచ్చింది. జబ్బు ముందునించీ ఉంది, దాచిపెట్టారు, కాబట్టి ఏమీ ఇవ్వం. ఆస్పత్రి బిల్లుకి, ఏడాది తిండికీ అద్దెకీ అని బ్యాంకులో వేసుకున్న డబ్బు చాలావరకు పోతుంది. అయినా కుందన ధైర్యం వదల్లేదు. మంగళవారం మూడింటికి పబ్లిక్ బీమా ఆఫీసులో మాట్లాడటానికి టైము అడిగి పెట్టుకుంది. తప్పు తెలిసింది, మళ్ళీ చేర్చుకోమని బతిమాలితే కాదంటారా అని ఆమె ఆశ. ఏం చెప్పాలో జర్మన్‌లో కాగితం మీద రాసి బట్టీపట్టింది.

బయల్దేరే ముందు, మంగళవారం మూడింటికి రాహుకాలమేమో చూద్దామని, వంటింట్లోకి వచ్చి నన్ను తిరగేసింది.

ఈసారి అడ్డం నిలబడేవాళ్ళు లేరు. చదివింది. మొదటి వరస చదివింది. రెండోది చదివింది. గంటలో తను ఆఫీసుకెళ్ళి అడగబోయే ప్రశ్న, దానికి వాళ్ళు చెప్పబోయే జవాబు, రెండూ ఎర్ర సిరాతో నా మీదే ఉన్నాయి. వేలితో టేపు తడిమింది. బట్టీపట్టిన కాగితాన్ని చేతిలోంచి బల్ల మీద పెట్టింది.

వాసంతి అప్పుడే కూరగాయల సంచీతో లోపలికి వచ్చింది.

"ఈ అక్షరాలు నీవేగా అక్కా?"

వాసంతి సంచీ కింద పెట్టలేదు. "నీకు చెప్దామనే అనుకున్నా కుందూ."

"ఎప్పుడు?"

వాసంతి సంచీని ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"పోనీ నేనడిగానుగా. నీకొక్కదానికే చెప్తున్నానని అడిగానుగా."

అంతకంటే ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు ఆ పిల్ల. తిట్టి ఉంటే నాకు కాస్త తెరిపిగా ఉండేది. ఆఫీసుకైతే వెళ్ళింది. వాళ్ళు మర్యాదగా కూర్చోబెట్టి, ఆమె సంతకమే ఆమెకి చూపించారని గ్లోరీతో చెప్తుంటే విన్నాను.

మార్చిలో కుందన చదువు ఆపి వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు పెట్టె గుమ్మంలో పెట్టి, లోపలికొచ్చి నా టేపు ఊడదీసింది. మడత విప్పి, వాసంతి నన్ను మొదటిరోజు చేసినట్టే అరచేత్తో సాపు చేసింది. నాలుగు మూలలా అయస్కాంతాలు పెట్టింది. "వచ్చేవాళ్ళకి కనపడాలి" అంది, నాతోనే అన్నట్టు. ఎర్ర వరసలు మళ్ళీ వెలుగు చూశాయి. నేను పొంగిపోయాను.

ఆ పొంగు సాయంత్రం దాకా లేదు. కుందన ఎక్కిన ట్రాము మూల తిరిగి ఉంటుందో లేదో, వాసంతి నన్ను ఫ్రిజ్ మీదనించి తీసి, నాలుగు మడతలు పెట్టి, వంటింటి కిటికీ కింద ఉన్న నీలం డబ్బాలో వేసింది. ఇక్కడ కాగితాల చెత్తకి నీలం డబ్బా. లోపల ప్రింటరు చప్పుడు వినపడింది. కొత్త పట్టిక తయారైంది. శుభ్రంగా, చిన్నగా, మడత పెట్టాల్సిన అవసరమే లేకుండా.

డబ్బా ఇంకా నిండలేదు, అందుకే నేనింకా ఇక్కడే ఉన్నాను. ఏప్రిల్ పిల్లలు రావడం మొదలైంది. కిటికీ తెరిచి ఉంటే అన్నీ వినపడతాయి. ఇవాళ ఎవరో కొత్త అమ్మాయి వచ్చింది. గొంతు చాలా మెత్తగా ఉంది.

"అక్కా, నాకు చిన్నప్పట్నించీ ఫిట్సు. ఇప్పటికీ మాత్ర వేసుకుంటా. ఈ ముప్పై మూడుది తీసుకోవచ్చా?"

నేను చీకట్లో, చిరిగిన అట్టపెట్టెల మధ్య, ఊపిరి బిగబట్టాను. ఫ్రిజ్ మోటారు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఏం పర్లేదు. టీ తాగుతావా?"