సాంచ ఆగిన గది

రాత్రి మొదలైన ముసురు తెల్లవారినా వదల్లేదు. గంజిలో ముంచి ఆరేసిన నూలులా ఆకాశం యూసుఫ్‌గూడ మేడల మీద బరువుగా వేలాడుతోంది. మెట్రో పట్టాల వైపు ఒక్కచోట మాత్రం మబ్బు పలచబడి వెలుగు ఊరుతోంది. సిద్ధిరాములు బండి సీటు మీది నీళ్లను అరచేత్తో తుడుస్తూ ఆ పలచని చోటునే చూశాడు. ముసురు పడితే అతనికి పని దొరుకుతుంది. కిటికీల తప్పులన్నీ వానకే బయటపడతాయి.

భార్య స్వరాజ్యం సామాన్ల సంచి అందిస్తూ అతని ముఖం చూసింది.

"దావత్‌కు పోతున్నట్టు పొద్దుగల్లనే ఆ నవ్వేంది?"

"వాన పడ్డది గదనే."

"ఊరంత తిట్టుకుంటుండ్రు. నువ్వొక్కనివే వానకు మొక్కుతున్నవ్."

"అన్నం పెట్టేదానికి మొక్కద్దా మరి?"

అతనికి యాభై దాటి చాలా ఏళ్లయింది. బక్కపలచని మనిషి. అద్దాలు మోసీ మోసీ కుడి భుజం కొంచెం కిందికి దిగింది. అరచేతుల్లో పాత కోతల గీతలు పోగుల్లా తెల్లగా మెరుస్తుంటాయి. ఎడమ చెవి సరిగా వినపడదు. అది సిరిసిల్ల ఇచ్చింది. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. పద్నాలుగేళ్ల వయసు నుంచి అతను సాంచల నడుమే నిలబడ్డాడు. షెడ్డు మూతపడ్డాక స్వరాజ్యాన్ని వెంటబెట్టుకుని పట్నం వచ్చి, కిటికీలు తయారుచేసే చోట వాచ్‌మన్‌గా కుదిరాడు. ఒకరోజు మనిషి తక్కువై అద్దం పట్టుకోమన్నారు. పట్టుకున్నాడు. అద్దం చేతిలో నిలిచింది, పనీ నిలిచింది. ఇన్నాళ్లూ తన వల్ల ఎవరింట్లోనూ ఒక్క పలక పగలలేదన్నది అతను ఎవరితోనూ చెప్పుకోని సంతోషం. బాగుచేసిన ప్రతి కిటికీ మీద పోయేముందు ఓసారి అరచెయ్యి ఆనించి, లోలోపల "సల్లగుండు" అనుకుంటాడు. ఎవరూ చూడకుండా.

మొదటి పిలుపు ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి. దాని యజమాని రాఘవేందర్ లుంగీ పైకి కట్టి, గుడ్డతో గదిలోని నీళ్లు పిండుతున్నాడు.

"రా అన్నా, రా. మస్తు కిటికీలన్నవ్, డబుల్ అద్దమన్నవ్. సూడు, బాయి అయ్యింది గది!"

సిద్ధిరాములు వంగి చట్రం కింది అంచును వేలితో తడిమాడు. నీళ్లు బయటికి పోయేందుకు అక్కడ సన్నటి రంధ్రాలుంటాయి. ఇప్పుడు వాటి చోట నున్నగా ఉంది.

"ఈడ లప్పం ఎవలు పెట్టిండ్రు?"

"నేనే పెట్టించిన. చీమలొస్తున్నయ్. ఐనా కొత్త కిటికీకి బొక్కలేంది, నాకు సమజ్ కాలే."

"ముక్కు మూసినవన్నా దానికి."

"మరి చీమలు?"

"పిల్లలను మంచాల మీద బిస్కెట్లు తిననియ్యకు."

రాఘవేందర్ పడీ పడీ నవ్వాడు. సిద్ధిరాములు సన్నటి కమ్మితో లప్పం పెళ్లగించాడు. నిలిచిన నీళ్లు గుటగుటమంటూ దిగిపోయాయి. ఆ సద్దు అతనికి ఇష్టం. కుడి చెవి అటు పెట్టి ఆఖరి చుక్క దాకా విని, తర్వాత లేచాడు.

పదకొండు దాటాక పంజాగుట్ట చేరాడు. చౌరస్తాకు దగ్గరలో, మెట్రో వంతెన ఎదురుగా ఉన్న మేడ, నాలుగో అంతస్తు. తలుపు తీసిన కమలాకర్‌కు నలభై ఐదుంటాయి. బ్యాంకు ఉద్యోగం. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. సిద్ధిరాములును వరండాలోనే ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మా అమ్మ కాకా. ఇగ మందులతోటి అయ్యేదేం లేదన్నరు డాక్టర్లు. ఉన్నన్ని దినాలు మంచిగ పండనీయమన్నరు. గా నిద్రనే పడ్తలేదు. వారమాయె, రాత్రి పగలు కండ్లు తెరిచే ఉంటది. గీ బస్సుల లొల్లి రావద్దనే డబుల్ గ్లాస్ పెట్టిచ్చిన. ఇప్పుడు పైన సందు పడ్డది, సప్పుడొస్తుంది. మొత్తం సిలికాన్ కొట్టి బంద్ చేసెయ్. ఇగ తెరిచే పనే లేదు."

"సూస్త సార్."

గది శుభ్రంగా, చల్లగా ఉంది. కిటికీ పక్కనే మంచం. దాని మీద లచ్చవ్వ ఒక చిన్న మూటలా పడుకుని ఉంది. తల దిండు మీద లేదు. మంచం అంచుకు జరిగి, సందు పడిన కిటికీ మూల కిందకు చేరింది.

"ఎటు పండబెట్టినా తల గటే పెడ్తది కాకా," అంది కోడలు ఉష. దిండు తీసుకొచ్చి మెల్లగా ఆ తల కిందికి జరిపింది. విసుక్కోలేదు.

ముసలామె కళ్లు సిద్ధిరాములు మీదికి తిరిగాయి.

"ఎవలు బిడ్డా?"

"కిటికీ మంచిగ చేసేటోన్ని అవ్వా."

"ఏ ఊరు?"

"సిరిసిల్ల."

"ఏ వాడ?"

"వెంకంపేట."

ఆ కళ్లలో ఏదో కదిలింది. "మాది నెహ్రూనగర్. మరి సాంచలెందుకు బందైనయ్ బిడ్డా? కరెంటు పోయిందా?"

"ఊళ్లె లేం అమ్మా, పట్నంల ఉన్నం," అన్నాడు కమలాకర్. సిద్ధిరాములు వైపు తిరిగి, "పొద్దుమాపు గిదే అడుగుతది. మతి జర అటు ఇటు అయ్యింది," అన్నాడు.

 ఎరిగిన మనిషి పిలిచినట్టు సిద్ధిరాములు మంచం వైపు తిరిగాడు.

సిరిసిల్లలో అతను పెరిగిన ఇంట్లో ముందు గది సాంచలది, వెనక గది మనుషులది. నడుమ ఒక్క గోడ. రాత్రంతా అవి దడదడమంటూనే ఉండేవి, పిల్లలు ఆ చప్పుడు మీదే పడుకునేవాళ్లు. ఒక్క సాంచ ఆగిందా, ఇల్లంతా లేచి కూర్చునేది. పోగు తెగిందా, కరెంటు పోయిందా, నూలు అయిపోయిందా అని చీకట్లో ఒకరినొకరు అడుక్కునేవాళ్లు. ఏదైనా కూలికే దెబ్బ. మళ్లీ నడిచేదాకా ఎవరికీ కన్ను మూతపడేది కాదు. పట్నం వచ్చిన కొత్తలో అతనూ అలాగే అర్ధరాత్రుళ్లు దిగ్గున లేచేవాడు. పక్కన స్వరాజ్యం అప్పటికే లేచి కూర్చుని ఉండేది.

"వస్తది అవ్వా కరెంటు," అన్నాడు.

సంచి దింపి కిటికీ చూశాడు. అద్దాల బరువుకు రెక్క ఒక పక్కకు దిగింది. పైమూల వేలు పట్టేంత సందు. పిడి సగంలోనే పట్టేస్తోంది.

"సందు మీద సిలికాన్ రుద్దితె నిలవది సార్. రెక్క దిగింది. ముందు ఊడదీసి అద్దం కింద ముక్కలు సరిజెయ్యాలె. అప్పుడు మూసుకుంటది."

"ఊడదీస్తె సప్పుడు?"

"ఉంటది కొంచెంసేపు."

కమలాకర్ తల్లి వైపు చూసి, తప్పదన్నట్టు తలూపాడు.

సిద్ధిరాములు చట్రానికి రెక్కను పట్టి ఉంచే కబ్జాల మరలు విప్పి, దాన్ని తన దిగిన భుజానికి ఆనించుకుని లోపలికి దించాడు. మరుక్షణం పంజాగుట్ట అంతా గదిలోకి వచ్చిపడింది. బస్సుల ఇంజన్లు, ఆటోల హారన్లు, కింద కొబ్బరిబోండాలు కొడుతున్న కత్తి, వంతెన మీద మెట్రో. ఏ చప్పుడుకా చప్పుడు విడిగా ఉండక, అన్నీ కలిసి ఒకే దడదడ అయ్యాయి.

"జల్ది కాకా, జర జల్ది," అన్నాడు కమలాకర్, తల్లి చెవుల మీద చేతులు అడ్డం పెడుతూ.

సిద్ధిరాములు రెక్కను దుప్పటి మీద పడుకోబెట్టి, అంచు పట్టీలను ప్లాస్టిక్ సుత్తితో తట్టి తీశాడు. రెండు అద్దాల నడుమ గాలి పొడిగా, తేటగా ఉంది. తేమ చేరలేదు. అద్దం మార్చే అవసరం రాదు. మేలే అనుకున్నాడు. కింద కబ్జా వైపు జారిపోయిన చిన్న ప్లాస్టిక్ ముక్కను బయటికి తీసి, దాని చోట మందపు ముక్క పెట్టాడు. ఎదురు మూలలో పైన ఇంకొకటి. బరువు అడ్డంగా మోస్తేనే రెక్క పైకి లేస్తుంది. ఇది చేతులకే తెలిసిన పని, మనసు ఎటు పోయినా అవి ఆగవు.

అతను తలెత్తేసరికి ఉష భర్త భుజం మీద చెయ్యి వేసి ఉంది. మాట్లాడకుండా కళ్లతో చూపిస్తోంది.

లచ్చవ్వ కళ్లు మూసి ఉన్నాయి. దుప్పటి మీద ఆమె బొటనవేలు, చూపుడువేలు తెగిన పోగును అతుకుతున్నట్టు ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి. రాసుకుని, రాసుకుని, ఆగాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ఛాతీ మెల్లగా లేచి దిగుతోంది.

కింద ఏదో బస్సు గట్టిగా హారన్ కొట్టింది. ఉష ఉలిక్కిపడింది. ముసలామె కదల్లేదు.

"పండిందా?" కమలాకర్ నమ్మలేకపోయాడు. "గింత లొల్లిల?"

ఇక చెప్పక తప్పలేదు సిద్ధిరాములుకు. "సాంచలు నడుస్తున్నయ్ అనుకుంటుంది సార్. నడిస్తెనే నిద్ర పడ్తది మాకు. ఆగితె పడది."

కమలాకర్ అలాగే నేల మీద కూలబడి గోడకు ఆనుకున్నాడు.  "నేను ఐదో తరగతి కాంచి హాస్టల్ల చదివిన కాకా. సెలవులకు ఇంటికొస్తె ఆ సప్పుడుకు పండలేకపోయేది. అమ్మనే నా చెవుల్ల దూది పెట్టేది, రోజూ రాత్రి." తల్లి ముఖం వైపు చూస్తూ, "ఇప్పుడు నేను ఆమెకు దూది పెడ్తున్న అనుకున్న," అన్నాడు.

"పెట్టినవ్ సార్. కొడుకు గింత చేసిండని అవ్వకు ఎరికే."  సిద్ధిరాములు చేతిలోని సుత్తిని చప్పుడు కాకుండా సంచిలో పెట్టాడు. "కిటికీ మంచిది. తెరిస్తె తెరుసుకోవాలె, మూస్తె మూసుకోవాలె. గట్ల చేసి పోత. ఎన్నడు మూయాల్నో మీరే సూస్కోండ్రి."

"ఇయ్యాల మూయద్దు."

పట్టీలను అరచేత్తో నొక్కి బిగించాడు. రెక్కను మళ్లీ ఎత్తి కబ్జాలకు తగిలించాడు. పని అయ్యాక గట్టిగా మూసి, చెవి పెట్టి పరీక్షించడం అలవాటు. ఇవాళ మూయలేదు. వేలి కొసతో ఇటు, అటు ఆడించి చూశాడు. ఎక్కడా రాసుకోకుండా రెక్క నీళ్ల మీద ఆకులా తిరిగింది. బయట ముసురు వెలిసింది. తడిగాలి లచ్చవ్వ నుదుటి మీది తెల్ల వెంట్రుకలను కదిలిస్తోంది. మూత విప్పని సిలికాన్ గొట్టం సంచిలోకి వెనక్కి పోయింది.

అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. సల్లగుండు అనుకున్నాడు. ఎవరిని అనుకున్నాడో అతనికే తెలియలేదు.

గుమ్మం దగ్గర ఉష ఒక స్టీలు గిన్నె అతని చేతిలో పెట్టింది.

"సర్వపిండి కాకా. పొద్దుగల్ల అత్తమ్మ అడిగితె చేసిన. వాసన సూసి, మంచిగయ్యింది, ఎవలకన్న పెట్టు అన్నది. మీరు తీస్కపోండ్రి."

"వద్దు బిడ్డా, మీరు తినలే ఇంకా."

"ఉన్నది మాకు. మన దిక్కు తిండి, మీకు కాకుంటె ఇంకెవలకు పెట్టాలె?"

రెండు చేతులతో తీసుకున్నాడు. మెట్లు దిగి చౌరస్తాలో బండి ఆపుకుని నిలబడ్డప్పుడు, చుట్టూ ఉన్న చప్పుడు మొదటిసారి అతనికి ఒక పనిలా తోచింది. ఇన్ని బండ్లు కలిసి ఒక ముసలామెను పడుకోబెట్టాయి. ఇన్నేళ్లుగా ఈ చప్పుడును ఇళ్లల్లోకి రాకుండా ఆపడమే అతని బతుకు. ఇవాళ రానిచ్చాడు. దానికీ అన్నం పెట్టారు.

మాపటికి ఇల్లు చేరి కాళ్లు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. కుడి చెవికి పెట్టుకున్నాడు.

"కాకా, కమలాకర్‌ని. అమ్మ పోయింది."

సిద్ధిరాములు చెంబు కింద పెట్టాడు.

"చాయ్ ఇద్దామని ఉష లేపింది. లేవలే. నువ్వు పోయినంక ఒక్కపారి సుత కన్ను తెరవలే కాకా, గట్లనే పండింది. మొఖం మస్తు మంచిగున్నది."  అతని వెనక నుంచి బస్సుల మోత స్పష్టంగా వినిపిస్తోంది. "నీకు జెప్పాలనిపిచ్చింది. మళ్ల ఎవలకు జెప్పినా సమజ్ కాదు."

"మంచిది బిడ్డా," అన్నాడు సిద్ధిరాములు. పొద్దుటి నుంచి 'సార్' అన్న నోటికి ఆ మాట దానంతటదే వచ్చింది. "ఎప్పుడు ఎత్తుతరు?"

"రేపు పొద్దుగాల."

"వస్త."

స్వరాజ్యం పొయ్యి దగ్గర నుంచి చూస్తోంది. నాలుగు మాటల్లో చెప్పాడు. సాంచలు ఎందుకు బందైనయని లచ్చవ్వ అడిగిన మాట దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత గిన్నె వైపు చూసింది.

"చావింటి తిండి గదయ్యా. తినచ్చునా?"

"బతికుండంగ పెట్టింది. ఎవలకన్న పెట్టుమన్నదట."

ఆమె మూత తీసి సర్వపిండిని సగానికి విరిచింది. నువ్వులు, పల్లీలు, కరివేపాకు వాసన గది నిండా పరుచుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నేల మీద కూర్చున్నారు. అంచులు కరకరమంటున్నాయి, నడుమ మెత్తగా ఉంది. కారం సరిగ్గా సిరిసిల్ల కారమే.  వీధిలో బండ్లు పోతున్నాయి, పై అంతస్తులో ఎవరో మిక్సీ వేశారు. ఆఖరి ముక్కను స్వరాజ్యం అతని పళ్లెంలోకి జరిపింది. అతను దాన్ని తుంచి సగం వెనక్కి జరిపాడు.

తిన్నాక ఆమె గిన్నెను పీచుతో తోమి, కడిగి అరుగు మీద బోర్లించింది. పక్కన ఆరబెట్టిన మూత మీద, ఏ పెళ్లినాడో చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేరు ఉంది, లచ్చవ్వ అని. ఒక్కో చుక్కలో నీటితడి నిలిచి ఉంది.