గ్రాఫీన్ సైకిలు

చెయ్యి విరిగింది తనదైతే క్షమాపణ కూడా తనే చెప్పాలంట, అదీ నవ్వుతా చెప్పాలంట, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఎడ్విన్ సారు ఫోను నిలబెట్టి పట్టుకొని రెడీనా చెల్లెమ్మా అంటున్నాడు, సైకిల్ కంపెనీ ఇంజినీరు, మొన్నటిదాకా మంచివాడే అనుకుంది వందన, ఈరోజు ఆ చెల్లెమ్మా అన్న పిలుపే ఒంటికి కారం రాసినట్టుంది, కట్టు కింద మోచెయ్యి దురద పెడతా ఉంది, గోకడానికి లేదు, రెండే మాటలమ్మా, బ్రేకు గట్టిగా పట్టినాను, బ్యాలెన్స్ తప్పి పడినాను, సారీ, అంతే, వీడియో పెట్టేస్తే అందరూ మర్చిపోతారు అంటున్నాడు, అమ్మ మగ్దలీనమ్మ ఆయనకు టీ తెచ్చిచ్చింది, చక్కెర ఎక్కువేసి మరీ, ఈ మనిషికి చక్కెరెందుకు.

ఇదే మనిషి, మార్కాపురంలో తను సైకిలు పోటీ గెలిచిన రోజు, తనకిచ్చే కొత్త సైకిలు ఫ్రేమును ఒంటిచేత్తో పైకెత్తి చూపించినాడు, కార్బన్ పోగుల పొరల్ని అతికించే జిగురులో గ్రాఫీన్ అనే సన్నటి కార్బన్ పొడి కలిపినాము, చిటికెడు చాలు, పగులు పుట్టినా పాకనీయదు, అందుకే గొట్టం ఇంకా పల్చగా చేసినాము అని, పలకల గనిలో పని దిగి దుమ్ముతోనే వచ్చిన నాయన దాన్ని ముట్టుకోవడానికే జంకినాడు, తర్లుపాడు రోడ్డు మీద తొక్కితే కాళ్ల కింద ఏమీ లేనట్టే ఉన్నింది, అది నిజమే, అబద్ధం ఎందుకు చెప్పాలి, గిద్దలూరు దాటి ఘాట్ ఎక్కే పోటీలో మగపిల్లల్ని కూడా దాటేసింది, అప్పుడు కంపెనీవాళ్లు గ్రాఫీన్ గెలిచిందని పేపర్లో వేయించుకున్నారు, తర్వాత అదే ఘాట్ దిగేటప్పుడు ఫ్రేము విరిగితే మాత్రం వందన పడిందంట, ఇదెక్కడి న్యాయం, జిగురులో గ్రాఫీన్ సరిగా కలవక ఉండ కట్టిందేమో, ఉండ ఉన్నచోట పట్టుండదు అని ఆసుపత్రిలో ఈయనే నోరు జారినాడు, పొద్దున మాత్రం వాకిట్లో నిలబడి ఎవరికో ఫోనులో చెప్తున్నాడు, పల్లెటూరి పిల్లలు సార్, మొరటుగా తొక్కుతారు అని, ఆమెకు విరిగింది చెయ్యే, చెవులు కాదు.

ఖుష్బూకి కూడా అదే రకం ఫ్రేము ఇస్తారంట, తనతో ప్రాక్టీసు చేసే మార్కాపురం పిల్ల, నిన్న ఫోన్ చేసి అక్కా, నువ్వెట్ల పడినావు, నేను జాగ్రత్తగా తొక్కుతాలే అంది, జాగ్రత్తగా తొక్కితే విరగదా, ఏమో, తనే తప్పు చేసిందా, ఇంతమంది ఇన్నిసార్లు అడిగేసరికి తనకే అనుమానం వస్తా ఉంది, బ్రేకు పట్టింది నిజమే, కానీ ఎప్పుడు, మలుపు, ఎదురు గాలి, ఎక్కడో టప్పుమని చప్పుడు, అడివిలో కొమ్మ విరిగిందేమో అని పక్కకు చూసింది, చెట్లవైపు, అవును, తల తిప్పి చూసింది, చూసేంత సేపు సీటు మీదే ఉంది, నిటారుగానే ఉంది, హ్యాండిల్ వదులై చేతుల్లో ఊగింది ఆ తర్వాత, భయపడి బ్రేకు పట్టింది ఇంకా తర్వాత.

చెప్పు చెల్లెమ్మా అన్నాడు ఎడ్విన్ సారు, నేను ఊరికే పడలేదు సార్, మీ ఫ్రేము విరిగినాక పడినాను అంది వందన, ఆయన ఫోను దించేసినాడు, అమ్మ పాపా అని భయంగా చూసింది, చూడనీ, ఎడమచేత్తో తన ఫోను తీసుకొని ఖుష్బూ నంబరు నొక్కింది, అటువైపు రింగవుతా ఉంది, ఆ ఫ్రేము ఎక్కొద్దని చెప్పాల, చప్పుడు ముందు, బ్రేకు తర్వాత, తప్పు తనది కాదు.