అతుకు కింద పుట్టీ

ఆలిస్ కుడిచేతికి మోచేతిదాకా కట్టు ఉంది. ఎడమచేత్తో మోసుకొచ్చిన పెట్రోలు క్యాన్‌ను నీలవేణి ముందు పడేసింది. ఇనప క్యాన్. ఒక పక్కంతా మసి పట్టి, ఆకుపచ్చ రంగు పొక్కులు లేచి ఉంది.

"నీ సెయ్యి పడిందని నమ్మి కొన్నానక్కా. ఇదేటి?" అంది.

నీలవేణి కడుగుతున్న క్యాన్ పక్కన పెట్టి లేచింది. ఆలిస్, వాళ్ళాయన జ్ఞానప్రకాశం పెళ్ళిళ్ళకి లైట్లు, జనరేటర్ అద్దెకిస్తారు. మొన్న ఇందా పేటలో ఒక పెళ్ళి జరుగుతుండగా జనరేటర్‌లో పెట్రోలు అయిపోయింది. పోద్దామని ఆలిస్ క్యాన్ ఎత్తగానే అడుగు అతుకు విడిపోయింది. పెట్రోలంతా కాలుతున్న సైలెన్సర్ మీద పడి భగ్గుమంది. ఎవరో జంబుఖానా తెచ్చి కప్పబట్టి ప్రాణం దక్కింది గాని చెయ్యి కాలిపోయింది. ఇదంతా ఆలిస్ ఏడవకుండా చెప్పింది. ఏడ్చినా బాగుండేదనిపించింది నీలవేణికి.

తాల్‌బగీచా పేటలో పాత క్యాన్లు బాగుచేసేది నీలవేణి ఒక్కతే. మరిది ఉమాశంకర్ తుక్కు కొట్లలో ఏరి తెస్తాడు. ఆమె వాటిలో కాస్టిక్ సోడా నీళ్ళు పోసి, గుప్పెడు కంకర వేసి, భుజాలు పడిపోయేదాకా ఊపుతుంది. తుప్పంతా రాలాక కడిగి ఎండబెడుతుంది. తర్వాత మూతికి గొట్టం బిగించి, తొట్టిలో ముంచి, గాలి ఊదుతుంది. ఎక్కడ బుడగ లేచినా ఆ క్యాన్ ఇక పనికిరాదు. దాని అడుగున ఉలితో ఇంటూ గుర్తు కొట్టి, తుక్కుకి పంపడానికి ఒక మూల పడేస్తుంది. మిగిలినవాటికి ఉమాశంకర్ రంగు వేసి, ఖరిదా బజారులో తన కొట్లో అమ్ముతాడు. ఆరేళ్ళుగా ఇదే పద్ధతి. ఒక్క క్యాన్ కూడా కారిందని ఎవరూ అనలేదు.

"కారేది నా సేతిలోంచి ఎల్లదు ఆలిస్," అంది నీలవేణి.

"మీ మరిది కొట్లోనే కొన్నాను. మా వదిన కడిగింది, కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళమన్నాడు."

నీలవేణి క్యాన్ తిరగేసి, కత్తితో అడుగున గీకింది. రంగు కింద తెల్లగా పుట్టీ కనిపించింది. అతుకు పొడుగునా మెత్తి ఉంది. ఇంకా గీకితే, పుట్టీ కింద, తన ఉలి దెబ్బలు. ఇంటూ గుర్తు.

ఆమె కత్తి పక్కన పడేసి, చేతులు కూడా కడుక్కోకుండా, ఆ క్యాన్ పట్టుకుని ఆటో ఎక్కింది.

కొట్లో ఉమాశంకర్ ఒక బెంగాలీ ఆయనకి క్యాన్ చూపిస్తున్నాడు. అది కొనొద్దు దాదా, కారుతుంది, అని నీలవేణి బెంగాలీలోనే చెప్పింది. ఆయన ఇద్దరి మొహాలూ చూసి వెళ్ళిపోయాడు.

"బేరం సెడగొడతావేటి వదినా?"

ఆమె కాలిన క్యాన్ బల్ల మీద పెట్టి, గీకిన చోటు వేలితో చూపించింది. ఉమాశంకర్ తడబడలేదు. అదే ఆమెకి మరీ మండింది. తుక్కుకి పోతే ఏమొస్తుందని, పుట్టీ పెడితే ఆగుతుందనుకున్నానని, రంగు బాగుంటే లోపల ఎవరు చూస్తారని, ఏదో చిన్న పొరపాటులా చెప్పుకుపోయాడు.

నీలవేణి బల్ల మీది స్క్రూడ్రైవర్ తీసుకుంది. వరసలో ఉన్న క్యాన్లు ఒక్కొక్కటే తిరగేసి అడుగున పొడిచింది. బాగున్నదాని మీద స్క్రూడ్రైవర్ జారిపోయింది. పుట్టీ పెట్టినదానిలో పిడిదాకా దిగింది. దిగినవాటినల్లా రోడ్డు మీదకి విసిరేసింది. ఉమాశంకర్ చెయ్యి పట్టుకోబోతే ఆ స్క్రూడ్రైవర్‌తోనే తిరిగింది. అతను వెనక్కి తగ్గాడు. పక్క కొట్లవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు.

"ఆ మడిసి సెయ్యి సూసొచ్చినావా?" అంది. "నా పేరు సెప్పి అమ్మినావు. నీ పేరు సెప్పి అమ్మలేకపోయినావేం?"

"నా ఒక్కడి మీదే ఎగురుతావేటి?" అన్నాడు ఉమాశంకర్. "అన్నకి తెల్దనుకున్నావా?"

ఆమె స్క్రూడ్రైవర్ పడేసి, కాలిన క్యాన్ అందుకుంది. ఇంటికి నడిచే వచ్చింది.

ఆమె మొగుడు గిరిబాబు రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. డ్యూటీ దిగి వచ్చి, కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆమె కొళాయి కట్టేసి, తెలుసా అని అడిగింది. దేని గురించి అని అతను అడగలేదు. తమ్ముడు మూల పడేసిన క్యాన్లు పట్టుకెళ్ళడం చూశానని, వద్దని ఒకసారి చెప్పానని, ఇంట్లో గొడవెందుకని తర్వాత ఊరుకున్నానని చెప్పాడు.

"నీకు తెలీని పనా అది?" అంది నీలవేణి. "పెట్రోలు కారితే ఏటవుద్దో నీకొకరు సెప్పాలా? రోజూ నా ఎదురుగా కూకుని అన్నం తిన్నావు. ఒక్క మాట సెప్పలేకపోయినావు."

అతను తల దించుకుని, జరిగిందేదో జరిగిపోయింది, బయటికి పోకుండా చూడమన్నాడు. ఆ మాటకి ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

జ్ఞానప్రకాశం ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాడు. అందరినీ పిలిచారు. క్యాన్లు కడిగేదీ, పరీక్ష చేసేదీ వదినే, తను రంగు మాత్రమే వేస్తానని ఉమాశంకర్ అక్కడ చెప్పాడు. గిరిబాబు తమ్ముడి పక్కనే నిలబడి ఉన్నాడు. నీలవేణి అతనికేసి చూసింది. నోరు విప్పుతాడని చూసింది. అతను కిటికీ వైపు తిరిగాడు.

అప్పుడామె కాలిన క్యాన్ ఎత్తి పోలీసు బల్ల మీద పెట్టింది. గుర్తు ఎందుకు కొడతానో, దాని మీద పుట్టీ ఎలా వచ్చిందో, కొట్లో ఎన్నిటికి అదే పుట్టీ ఉందో మొత్తం చెప్పింది. తన మొగుడికి తెలుసన్నది కూడా దాచలేదు. పోలీసులు రాసుకున్నదాని కింద సాక్షిగా సంతకం పెట్టి బయటికొచ్చింది.

ఉమాశంకర్ మీద కేసు కట్టారు. కొట్టు మూతపడింది. చుట్టాలు వచ్చి, సొంత మరిదిని ఠాణాకెక్కించిందని నాలుగు మాటలు అనిపోయారు. కాలింది మీ చెయ్యి కాదుగా అని వాళ్ళకి జవాబిచ్చి, ఆమె పనిలో పడింది. ఆకుపచ్చ క్యాన్లు ఎవరెవరు కొన్నారో ఉమాశంకర్‌కే గుర్తులేదు. ఆటో స్టాండుల్లో, పందిళ్ళు వేసేవాళ్ళ దగ్గర అడిగి అడిగి, దొరికినవాటికి బదులు మంచివి ఇచ్చి తెచ్చింది. కొందరు తిట్టారు. పడింది. దొరకనివి ఇంకా ఎక్కడో ఉన్నాయన్న ఆలోచన అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా వచ్చేది.

గిరిబాబుకి అన్నం వడ్డించేది. మాట్లాడేది కాదు. ఒక సాయంత్రం అతను, ఠాణాకి తనే వెళ్ళి తెలిసింది చెప్పొచ్చానన్నాడు. ఆమె విని, గిన్నెలు తీసింది.

ఆలిస్ కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళే రోజుల్లో జ్ఞానప్రకాశానికి పని ఉండేది. నీలవేణి తనే వెళ్ళి తోడుగా కూర్చునేది. ఆలిస్ రావద్దనలేదు, పలకరించనూ లేదు. ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో సంచీ పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఒకరోజు వరస ముందుకి జరగక అలాగే కూర్చుని ఉండగా, ఆలిస్ ఎటో చూస్తూ అంది.

"తప్పు నీది కాదని తెలుసక్కా. అయినా నిన్ను సూస్తే ఒళ్ళు మండతంది."

"మండనీ," అంది నీలవేణి. "నాకూ తగ్గలేదు."

లోపలినుంచి నర్సు ఆలిస్ పేరు పిలిచింది. ఆలిస్ లేచి, సంచీ ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళింది.