అవతలొడ్డు నేస్తం

ఈ లోయ దాటడానికి మాకో వంతెన కావాలని అడిగితే పాతికేళ్లు ఊకొట్టారు. కంపెనీవాళ్ల ముడి నూనె దాటాలనేసరికి రెండేళ్లలో కట్టేశారు. ముంచింగిపుట్టు నుంచి ఒక పూట నడక. ఇనుప తాళ్లకు వేలాడే వంతెన మీద నూనె గొట్టం, దాని పక్కన ఒక్క మనిషి నడిచేంత దారి. రెండు కొసలా గేట్లు. విశాఖపట్నం ఆఫీసులో ఎవరో మీట నొక్కితేనే అవి తెరుచుకుంటాయి. ఈ కొసకి కాపలా నేను. నా పేరు గాసి. ఆ కొసకి నా నేస్తం.

అతని పేరు రాయను. నాలుగేళ్ల కిందట సంతలో పెద్దల ముందు ఒకే దొప్పలో కల్లు తాగి నేస్తం కట్టాం. కట్టాక ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పలికితే నేస్తరికం తెగినట్టే, మళ్లీ కట్టరు. నా భార్య పోయాక నన్ను పలకరించే మనిషి అతనొక్కడే. పలకరింపంటే పొద్దున్నే గేట్ల దగ్గర నిలబడి అరుచుకోవడం.

"నేస్తం, అంబలి తాగినావా?" అని అతను అడిగేవాడు. సగం మాటలు గాలి ఎత్తుకుపోయేది. మిగిలిన సగంతో నాకు రోజు గడిచిపోయేది.

పోయిన వానల్లో రెండు రోజులు అతను గేటు దగ్గరికి రాలేదు. మూడో రోజు గుడిసెలోంచి పాకుతూ వచ్చి బురదలో పడిపోయాడు. ఎంత పిలిచినా తల ఎత్తలేదు. దిగి దాటుదామంటే కింద ఏరు పొంగి ఉంది. సిగ్నల్ దొరికే రాయెక్కి ఆఫీసుకు ఫోన్ చేస్తే కొత్త సూపర్‌వైజరు శ్రీకాంత్ ఎత్తాడు.

"బాబూ, అవతలొడ్డు మడిసి పడిపోనాడు. బేగి గేట్లు తియ్యండి."

"ఎవరతను? పేరు చెప్పు."

"నా నేస్తం బాబూ."

"నేస్తమంటే ఎవరయ్యా? పేరు కొట్టకపోతే కంప్యూటర్ గేటు తియ్యదు."

"ఆడి పేరు నాను సెప్పకూడదు. మీ కాయితాల్లో సూడండి."

"అవి కాంట్రాక్టరు దగ్గరున్నాయి. ఆయన ఫోన్ ఎత్తడం లేదు. చెప్తావా, పెట్టేయనా?"

ఒళ్లు మండింది. ఆ కోపం ఎవరి మీద చూపించను? అవతల నేస్తం కాలు ఒకసారి కదిలి ఆగిపోయింది. చెప్పాను. సరిగ్గా వినపడలేదంటే ఇంకోసారి చెప్పాను.

గేట్లు తెరుచుకున్నాయి. పెనంలా కాలిపోతున్న మనిషిని వీపున వేసుకుని ఇవతలికి తెచ్చాను. ఊరివాళ్లు డోలీ కట్టి రోడ్డుదాకా మోశారు. మలేరియా మెదడుకెక్కిందని, ఇంకో పూట ఆగితే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడట.

నెల తిరక్కుండా డ్యూటీకి వచ్చాడు. ఆ కొసకి వెళ్లేముందు నా గుడిసెలో కూర్చున్నాడు. నేను చెప్పకపోతే అతనికి ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ నేస్తం దగ్గర దాపరికం నా వల్ల కాలేదు.

"ఫోన్లో నీ పేరు సెప్పేసినాను. రెండుసార్లు."

 అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

"నా పిల్లలకి అయ్యని మిగిల్చినావు. నీ రునం తీరదు, గాసీ."

నాలుగేళ్లలో అతని నోట నా పేరు వినడం అదే మొదలు. తప్పు పట్టను. తెగిపోయినదాన్ని తెగలేదని నటించడం మావాళ్లకు చేతకాదు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్లాను. అతనూ వచ్చాడు. ఏమని పిలవాలో తెలియక ఇద్దరం ఊరికే నిలబడ్డాం.