బొటనవేళ్ల తనిఖీ

ఆ శనివారం పొద్దున యాదవ్వ మొగుడికి చెప్పకుండా ఒక పని చేసింది. నాంపల్లి స్టేషన్ వెనక బోల్టుల కార్ఖానాలో, ఆడవాళ్లు బోల్టులు ఏరే రేకుల షెడ్డులో, గుమాస్తా విద్యాసాగర్ చాపిన కాగితం మీద ఊదా సిరా పూసిన కుడి బొటనవేలు అద్దింది.

"కొత్త కానూన్ వచ్చింది యాదవ్వా," అన్నాడు విద్యాసాగర్. "ఈ నెల సంది జీతంల రూపాయికి అణా పట్టుకుంటరు. సేటు గూడ గంతే కలుపుతడు. యాభై అయిదేండ్లు నిండినంక అంతా నీకే ఇస్తరు."

"నడుమల్నే సస్తే?"

"గందుకే అడుగుతున్న. ఎవరి పేరు రాయాలె?"

"ఇంకెవలున్నరు సారూ, మా ఆయన పేరే రాయి. నా పేరు జెప్పుకొని రెండు సీసలు తాగుతడు."

షెడ్డంతా నవ్వింది. కానీ పద్నాలుగు మంది ఆడవాళ్లలో ముద్ర వేసింది ఆమె ఒక్కతే. ఆమె కళ్ల ముందు వీరమ్మ ఉంది. ఇరవయ్యేళ్లు ఇదే షెడ్డులో బోల్టులు ఏరింది వీరమ్మ. చూపు మందగించగానే సేటు గేటు బయటికి పంపేశాడు. ఇప్పుడు దర్గా దారిలో సత్తుగిన్నె ముందు పెట్టుకుని కూర్చుంటుంది. యాదవ్వ రోజూ ఆ దారినే పనికి వస్తుంది. గిన్నెలో ఎన్ని పైసలున్నాయో చూడకూడదు అనుకుంటూనే చూస్తుంది.

యాదవ్వ మొగుడు మొగులయ్య అదే కార్ఖానాలో ప్రెస్సు మిషను మీద పని చేస్తాడు. ఊళ్లో ఉన్నప్పుడు పట్వారి ఒక కాగితం తెచ్చి, శిస్తు మాఫీకి అని చెప్పి, అతని చేత ముద్ర వేయించుకున్నాడు. మరుసటి వానాకాలం నాలుగెకరాల చెలకలో దొర నాగలి దిగింది. అడగబోతే కట్టేసి కొట్టారు. ఆ దెబ్బలతోనే పట్నం వచ్చాడు. అప్పటి నుంచి ఏ కాగితం మీదా వేలు పెట్టలేదు. సిరాడబ్బీ చూస్తే పామును చూసినట్టు వెనక్కి జరుగుతాడు.

మధ్యాహ్నం జీతాల బల్ల దగ్గర కోత బయటపడింది.

"నా పైసలేవి?" అన్నాడు మొగులయ్య.

"సర్కారు దగ్గర జమ ఉంటయ్ మొగులయ్యా. జర ఈడ వేలు నిశాని పెట్టు, నీ పేరు మీద..."

నిశాని అనే మాట వినగానే మొగులయ్య చేతిలో పానా లేచింది. విద్యాసాగర్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. బల్ల తలకిందులైంది. సిరాడబ్బీ గోడకు తగిలి పగిలింది. జీతాలకు వచ్చిన డెబ్బై మంది ఒక్కసారి అరిచారు. ముద్రలు పడిన కాగితాలు ఇనప పెట్టెలో ఉన్నాయని ఎవరో చెబితే, పెట్టెను సమ్మెటలతో బాదారు. అది సొట్టలు పడిందే గాని నోరు తెరవలేదు.

"ఎవలెవలు అమ్ముడువోయిన్రో ఎరుక కావాలె!" మొగులయ్య గేటుకు గొలుసు వేశాడు. "అందరు వేళ్లు చూపియ్యున్రి!"

మొదట దొరికింది కాపలా బీరయ్య. వేలి మీద ఊదారంగు అలాగే ఉంది.

"తప్పయింది మొగులన్నా, పిల్లలు గలోన్ని..."

"మాకు లేరా పిల్లలు?" అని ఒకడు డొక్కలో తన్నాడు. తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో లెక్క లేదు. బీరయ్య లేచేసరికి ముందుపళ్లు రెండు నేల మీద ఉన్నాయి. అతను వాటిని ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

షెడ్డు మూలలో యాదవ్వ ఇనప రజనుతో వేలిని రుద్దుకుంటోంది. తోలు లేచింది, నెత్తురు వచ్చింది, రంగు మాత్రం గీతల్లో ఇంకి కూర్చుంది.

ఆమె వంతు వచ్చింది.

"ఏమైంది వేలికి?"

"బోల్టు గీసుకున్నది."

మొగులయ్య భుజం మీది తువ్వాలుతో నెత్తురు తుడిచాడు. కింద ఊదారంగు కనపడింది. అతని మొహం మాడిపోయింది.

"చెలక ఎట్ల పోయిందో నీకు ఎరుకలేదానే?"

"ఎరుకే. నీ చెలక పోయింది. నేను నా ముసలితనం పోగొట్టుకోను. వీరమ్మ పక్కన గిన్నె వట్టుకొని కూసోను."

అతను పానా దించాడు. అప్పుడే వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"పెండ్లానికో న్యాయం, బీరయ్యకో న్యాయమా మొగులన్నా?"

ఎవరో నవ్వారు. మొగులయ్య మెడ నరాలు ఉబ్బాయి. ఆమె మణికట్టు పట్టి లాగి, చేతిని ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మ మీద పరిచాడు. ఆమె వెనక్కి గుంజుకోలేదు.

"కొట్టు. వేలు పోతది. నిశాని ఇనప పెట్టెల ఉన్నది, దాన్నేం జేస్తవ్?"

పానా దిగింది. యాదవ్వ అరుపు బయట స్టేషన్‌లో రైలు కూతను దాటింది. నవ్వినవాడు వాంతి చేసుకున్నాడు. కాసేపటికి పోలీసుల లారీ వచ్చి గొలుసు తెంపింది. లాఠీలు మొగులయ్య వీపు మీద విరిగాయి. అతను కొట్టించుకుంటూ నిలబడ్డాడు, దాగలి వైపు చూడలేదు.

మూడో రోజు యాదవ్వ అఫ్జల్‌గంజ్ దవాఖాన నుంచి, వేలు లేని చేతికి కట్టుతో, నడిచి అబిడ్స్ ఠాణాకు వచ్చింది. ఎడమ చేతిలో రొట్టెల మూట ఉంది.

కటకటాల వెనక నుంచి మొగులయ్య రెండు చేతులు బయటికి చాపాడు. పది వేళ్లూ నల్లగా ఉన్నాయి.

"ఒక్కటి గాదే, పదివేళ్లూ అద్దించుకున్నరు," అన్నాడు. గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. తర్వాత మూట వైపు చూశాడు. "ఎడమ చేత్తో ఇస్తున్నవా బువ్వ?"

"కుడిది నువ్వే తింటివి."

అతను తల వంచుకుని రొట్టె తుంచాడు. సిరా రొట్టెకు అంటుకుంది. యాదవ్వ అతను సగం తినేదాకా ఆగింది.

"నేను సస్తే పైసలు ఎవలకని అడిగిండు ఆ సారు. నీ పేరే రాపిచ్చిన."

మొగులయ్య నమలడం ఆపాడు.

"ఇప్పుడు కార్ఖానకే పోతున్న. ఆ పేరు కొట్టేపిస్త. ఎడమ వేలు ఇంక మంచిగనే ఉన్నది."

ఖాళీ మూటగుడ్డ దులిపి, భుజాన వేసుకుని, ఆమె నాంపల్లి వైపు నడిచింది.