మీసాల చేప మొక్కు

పాలు చాలక ఏడ్చి ఏడ్చి నెలన్నర పిల్లగాడి గొంతు బొంగురుపోయింది. తల్లి సత్తెమ్మ వాణ్ని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ కుంట గట్టున నిలబడింది. పొద్దున్నుంచి మరిది వరసైన మొగులయ్య వల విసురుతూనే ఉన్నాడు. దోసెడు పరకలు పడితే చాలు. ఆ చిన్న చేపల పులుసుతో బాలింతకు పాలు పడతాయి. మొదటి కాన్పులో కూతురు పుట్టినప్పుడు సత్తెమ్మకు అట్లాగే పడ్డాయి.

వల పైకొచ్చింది. అందులో మూరెడు నల్లచేప ఒక్కటే, పొడుగాటి మీసాలతో.

"మళ్ల గిదే," అన్నాడు మొగులయ్య. "పరకలు లెవ్వు వదినె. గీ మీసాలోడు అన్నిట్ని మింగిండు. కప్పల్ని సుత ఇడుస్తలేడు."

సత్తెమ్మ పక్కనున్న మొగుణ్ని చూసింది. భూమన్న తుమ్మచెట్టును చూశాడు.

కోడలికి మూడో నెల పడగానే వాగులోంచి ఐదు పరకలు చెంబులో తెచ్చి, పసుపు చల్లి కుంటలో వదలడం ఆ ఇంటి మొక్కు. కాన్పయ్యేసరికి అవి పిల్లలు పెట్టి, బాలింత గిన్నెలోకి వస్తాయి. భూమన్నకు పరకలు కంటికి ఆనలేదు. ఖేడ్ అంగట్లో ఎవడో అమ్ముతుంటే బిందెడు మీసాల చేపపిల్లలు తెచ్చి, కొబ్బరికాయ కొట్టి మరీ వదిలాడు.

"పెద్ద చేపలిడిస్తే పెద్ద కొడుకు పుడ్తడనుకున్న," గొణిగాడు భూమన్న. "ఆఫ్రికా చేపనంట. ఎసొంటి నీళ్లల్లనైనా బతుకుతదన్నడు."

"బతికింది. తక్కినయే సచ్చినయి," అంది సత్తెమ్మ.

"పోనీ, గిదే వండుకో వదినె," అన్నాడు మొగులయ్య.

గట్టు మీద కూర్చున్న అత్త హన్మమ్మ కస్సుమంది. "బాలింతకు మీసాల చేప పెడ్తరా? పిల్లగానికి కడుపుల నొస్తది."

కొడుకు తెచ్చింది ఇది. తల్లి తిననియ్యనిదీ ఇదే. సత్తెమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్లగాడు మాత్రం ఏడుపే ఎంచుకున్నాడు.

భూమన్న గొంతు సవరించుకున్నాడు. "వాగుకు పోయి ఇంకో ఐదు పరకలు తెచ్చి ఇడుస్త. మొక్కు సాఫ్ అయితది."

"ఇడువు. మీసాలోనికి బువ్వ పెట్టినట్టుంటది," అంది సత్తెమ్మ.

మొగులయ్య వల దులుపుతూ మొహం తిప్పుకుని నవ్వాడు.

సత్తెమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చి, పక్కింటి కాసింబీ ఇచ్చిన మేకపాలలో గుడ్డ ముంచి పిల్లగాడి నోట్లో పిండుతూ మొగుడితో చెప్పింది. "నాగల్‌గిద్దకు బస్సెక్కు. మన వాగుల ఐదుకు మించి దొరకయి. మా తల్లిగారి ఊరి వాగుల దండిగ పరకలుంటయి, మా అన్నను పట్టిమ్మను. పొద్దుగూకే లోపల రావాలె."

భూమన్న బుద్ధిగా తలూపి, గూట్లోని రాగి చెంబు అందుకున్నాడు.

సత్తెమ్మ చెంబు లాక్కుని, అతని చేతిలో గుడ్డసంచి పెట్టింది.

"సచ్చినయి తే," అంది. "బతికినయి తెచ్చినవంటే నిన్ను ఇంట్లకు రానియ్య."