ముప్పై నలుగురికి ఒకే గోడ

తుపాను దాటాక మా ఊళ్ళో నిజంగా కూలిన ఇల్లు ఒక్కటే, నిశామణి వదినది. మిగతావాళ్ళకి నాలుగేసి పెంకులు ఎగిరాయి. సర్పంచి బైరాగి ప్రధాన్‌కి పశువుల పాక మీద రేకు లేచింది. నాకు స్టూడియో బోర్డు ఊడింది. అయినా ప్రభుత్వం జాబితాలో ఊరు సగం నేలమట్టమైంది. ఆ పని చేసింది గాలి కాదు, నా కెమెరా. దాచి ఏం లాభం, ముందే చెప్పేస్తున్నాను.

పూర్తిగా కూలిన ఇంటికి పరిహారం తొంభై అయిదు వేలు. దానికి యజమాని ఆ ఇంటి ముందు నిలబడి ఫోటో దిగి ఇవ్వాలి. మొదటిరోజు పొద్దున్నే బైరాగి భార్యతో సహా వచ్చి నన్ను నిశామణి గోడ దగ్గరికి లాక్కెళ్ళాడు.

"నిశామణీ, ఒక్క నిమిషం నీ గోడ ముందు నిలబడతాం. నీకేం తరిగిపోదుగా?"

మట్టిపెళ్ళల్లోంచి గిన్నెలు ఏరుకుంటున్న ఆమె తలెత్తలేదు. "నిలబడండి. పడిపోయినదాన్ని మళ్ళీ ఎవరు పడగొడతారు?" అంది. సర్పంచి కదా, పైవాళ్ళకి నష్టం చూపించడానికనుకుంది పాపం. తర్వాత ఆమె గుడ్డి అత్తని చూసుకుంటూ బడిలోనే ఉండిపోయింది. తుపాను రాత్రి నుంచి వాళ్ళిద్దరికీ ఆ తరగతి గదే ఇల్లు.

ఇక ఇక్కడ చూడాలి సంబరం. మధ్యాహ్నానికి వార్డు మెంబరు వచ్చాడు, సాయంత్రానికి రేషన్ డీలరు. మర్నాడు హెడ్మాస్టరే వచ్చాడు. పెద్దాళ్ళే దిగుతుంటే మనకేమొచ్చింది రోగం అని జీడిపప్పు ఫ్యాక్టరీ కూలీలు కూడా పని మానుకుని వరస కట్టారు. పూజారి నిరుపేదలా కనపడాలని ఉత్తరీయం తీసేసి పొట్ట లోపలికి పీల్చాడు. ఫోటోల మీద సంతకం పెట్టేది జూనియర్ ఇంజనీరు, మా జేఈ బాబు. డబ్బొచ్చాక ఆయనకి తలా అయిదు వేలు. నేను ఫోటోకి యాభై తీసుకుని, జుట్టు చెరిపే పని ఉచితంగా చేశాను. మూడోరోజు అందరూ వెళ్ళాక కెమెరాని స్టాండు మీద పెట్టి, టైమరు నొక్కి, పరుగెత్తుకెళ్ళి నేనూ నిలబడ్డాను. నాది స్లాబు వేసిన ఇల్లు. ముప్పై నాలుగోవాణ్ణి నేను.

నాలుగోరోజు నిశామణి వచ్చి తన గోడ ముందు తను ఫోటో దిగింది. అది పట్టుకుని మేమిద్దరం జేఈ బాబు దగ్గరికి వెళితే ఆయన నవ్వాడు.

"ఈ గోడ నా దగ్గరికి ముప్పై నాలుగుసార్లు వచ్చింది. నీది నకిలీ కింద పోతుంది" అన్నాడు. మళ్ళీ జాలిపడి, "ఉప్పు గోడౌను గోడ ఒకటి పడి ఉంది. దాని ముందు దిగి పట్రా, చేసేస్తాను. ఏయ్ ఉదయనాథ్, ఈవిడ దగ్గర డబ్బు తీసుకోకు" అన్నాడు నాతో.

నేను కెమెరా భుజానికి తగిలించుకున్నాను. "పద వదినా, అయిదు నిమిషాల పని."

"నా ఇల్లు కూలింది. ఇంకోళ్ళ గోడ ముందు నేనెందుకు నిలబడతాను?" అంది. అరవలేదు, ఏడవలేదు.

"పట్టుదలకి పోకు. సోమవారం బడి తెరుస్తారు. గది ఖాళీ చెయ్యమని హెడ్మాస్టరు చెప్పాడా లేదా? ముసలామెని ఎక్కడ పడుకోబెడతావ్?"

"ఎక్కడ పడుకోబెట్టినా నిజంగానే పడుకోబెడతాలే. నువ్వెళ్ళు."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఏం చూసుకుని ఈమెకింత పొగరు అనుకున్నాను.

శుక్రవారం ఆమె ఎప్పుడూ ఆ గోడ దగ్గరే మేసే తన ఒంటికొమ్ము మేకకి తాడు కట్టి, తొమ్మిది మైళ్ళు నడిపించుకుంటూ తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళింది. వరండాలో దాన్ని కట్టేసి, "సార్, మా ఊరి ఫోటోలు తీసి చూడండి. ఈ మేక ఎవరిదో అడగండి" అందట. చూస్తే ఏముంది! ముప్పై నాలుగు ఇళ్ళ ముందూ ఒకే మేక, ఆకు నములుతూ. అన్ని ఫోటోలు తీసిన నా కంటికి అది ఆనలేదు. ఆఫీసంతా నవ్విందట. తహసీల్దారు మాత్రం నవ్వలేదు.

శనివారం పొద్దున ఆయన జీపులో వచ్చి గోడ దగ్గర ఊరినంతా పోగుచేశాడు. ముసలాయన, ముక్కు మీద కళ్ళద్దాలు.

"అమ్మా, ఎవరెవరు నిలబడ్డారో నువ్వు చెప్పు, రాసుకుంటాను."

"నాది నాదని చెప్పుకోవడానికి వచ్చాను సార్. వాళ్ళది కాదని వాళ్ళు చెప్పుకోవాలి. నోళ్ళున్నాయిగా."

"వాళ్ళు ఒప్పుకోకపోతే ముప్పై అయిదూ కొట్టేస్తాను. నీదీ పోతుంది."

ఆమె ముఖం పాలిపోయింది. బైరాగి పక్కకి చేరి గొణిగాడు. "నా దాంట్లో సగం నీకిస్తా. ఇది ఉమ్మడి ఇల్లని చెప్పెయ్."

"సగం గోడ కట్టుకుని మా అత్తని సగమే పడుకోమనాలా బైరాగీ?" అని ఊరంతా వినేలా అడిగింది. తర్వాత చేతులు కట్టుకుని నిలబడింది. పేర్లు చెబితే ఇల్లొస్తుంది, అబద్ధమాడితే డబ్బొస్తుంది. రెండూ చెయ్యకుండా నిలబడ్డ మనిషిని నా జన్మలో నేను చూడలేదు. ఆమె ముందు మేమంతా ఎంత చిన్నవాళ్ళమో తెలిసి సిగ్గుతో చచ్చాను.

"ముప్పై నాలుగోది నాది సార్" అన్నాను. "నా ఇల్లు నిక్షేపంగా ఉంది. మిగతా ఫోటోలు కూడా నేనే తీశాను."

"నోరుముయ్యరా!" అన్నాడు బైరాగి.

కాసేపటికి పూజారి ఉత్తరీయం నిండా కప్పుకుని ముందుకొచ్చాడు. తర్వాత జీడిపప్పు కూలీలు ఒకరి వెనక ఒకరు వచ్చారు. పందొమ్మిది మంది వేలిముద్రలు వేసి పరిహారం వదులుకున్నాం. సర్పంచి, హెడ్మాస్టరు, ఇంకొందరు కదల్లేదు. వాళ్ళ మీద విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. జేఈ బాబుని బరంపురం బదిలీ చేశారు, అక్కడ ఇంకా పెద్ద కుర్చీ అంటున్నారు.

తహసీల్దారు నిశామణి పాత ఫోటో చించేసి, "కొత్తది తియ్యి, ఇక్కడే సంతకం పెడతాను" అన్నాడు నాతో.

ఆమె కొంగు సర్దుకుని గోడ ముందు నిలబడింది. మేకని కూడా పక్కనే నిలబెట్టుకుంది. నేను కెమెరా ఎత్తాను. ఎండ నా వీపు మీద ఉంది.

"ఉదయనాథ్, నీ నీడ నా గోడ మీద పడుతోంది. జరుగు."

జరిగాను.